జన్యువు మార్చిన స్టెమ్ సెల్స్: వెన్నుపాము దెబ్బకు ఇవాళ దొరికే సరుకెంత, మాటెంత?

వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఇంట్లో మొదటి నెల తిరక్కుండానే ఒక ప్రశ్న వస్తుంది: "స్టెమ్ సెల్స్ వేయించకూడదూ?" (స్టెమ్ సెల్స్ అంటే వేరే రకం కణాలుగా ఎదగగల మూలకణాలు.) ఈ మధ్య ఆ ప్రశ్నకు "జీన్ మాడిఫైడ్" అనే తోక కూడా తగిలింది. మామూలు కణాలు పాతకాలంవనీ, జన్యువు మార్చినవైతే నరాన్ని తిరిగి మొలిపిస్తాయనీ ప్రచారం. ఈ సమీక్షలో చూసేది ఒకటే. ఆ జన్యు మార్పు వల్ల రోగికి అదనంగా ఏం దక్కుతోంది, ఏ సరుకులో దక్కుతోంది?

తీర్పు ముందే చెప్పేస్తాం. వెన్నుపాము గాయానికి జన్యువు మార్చిన స్టెమ్ సెల్ మందును ఇప్పటిదాకా ఏ దేశపు ఔషధ నియంత్రణ సంస్థా అమ్మకానికి ఒప్పుకోలేదు. వెన్నుపాముకు అనుమతి దొరికిన కణాల మందు ఒకటుంది, అందులో జన్యు మార్పు లేదు. జన్యు మార్పు ఉండి, నాడీ గాయానికి అనుమతి తెచ్చుకున్న కణాల మందు ఒకటుంది, అది మెదడు దెబ్బకు. రెండూ జపాన్‌వే. నాడీ గాయాలకు సంబంధించి మిగతాదంతా ట్రయల్స్ దశలోనో, ఎలుకల దశలోనో, బ్రోచర్ దశలోనో ఉంది.

ముందు కొలబద్ద

వెన్నుపాము గాయం విషయంలో ఫలితాన్ని సాధారణంగా ఏషియా స్కేల్‌లోనే చెబుతారు (అమెరికా వెన్నుగాయాల సంఘం పేరు మీద వచ్చిన కొలత, ఆసియా ఖండంతో సంబంధం లేదు). అది తెలియకపోతే ఏ అంకె చూసినా మోసపోతాం. గాయం కింద స్పర్శా కదలికా రెండూ లేకపోతే, మలద్వారం దగ్గర కూడా ఏమీ తెలియకపోతే ఎ గ్రేడ్. స్పర్శ ఉండి కదలిక లేకపోతే బి. కదలిక ఉన్నా సగానికి పైగా కండరాలు భూమ్యాకర్షణకు ఎదురు కదలలేకపోతే సి. సగమో అంతకన్నా ఎక్కువో అలా కదలగలిగితే డి. మామూలైతే ఇ.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఏ కణాలూ వేయకుండానే, గాయమైన మొదటి ఏడాదిలో ఎ గ్రేడ్ వాళ్లలో సుమారు ఐదుగురికి ఒకరు ఒక మెట్టు ఎక్కుతారు. సి గ్రేడ్ వాళ్లలో ఎక్కువమంది డి కి చేరతారు. మెడ దగ్గర గాయాలైతే ఈ సహజమైన కోలుకోవడం ఇంకాస్త ఎక్కువ. కాబట్టి మొదటి నెలలో కణాలు వేసి, ఆరో నెలలో "మెట్టు ఎక్కాడు" అని చూపిస్తే అది కణాల ప్రతాపమో ఒంటి ప్రతాపమో తేల్చడానికి పోల్చుకునే గుంపు కావాలి. ఆ గుంపు లేని లెక్క మబ్బు పట్టాక కప్పకు పెళ్లి చేసి, కప్ప పెళ్లి వల్లే వాన వచ్చిందనడం లాంటిది.

స్టెమిరాక్: అంగడికి వచ్చిన ఏకైక సరుకు

సప్పొరో వైద్య విశ్వవిద్యాలయంలో ఒసాము హొన్మౌ బృందం తయారుచేసిన పద్ధతి ఇది. నిప్రో కంపెనీ అమ్మకానికి తెచ్చింది. 2018 డిసెంబర్‌లో జపాన్ ప్రభుత్వం దీనికి 7 ఏళ్ల గడువుతో, అంటే 2025 డిసెంబర్ దాకా, షరతుల అనుమతి ఇచ్చింది. 2014లో అమల్లోకి వచ్చిన జపాన్ కొత్త చట్టాల ప్రకారం పునరుత్పత్తి వైద్యానికి ఒక దగ్గరి దారి ఉంది. భద్రత తేలి, పనిచేస్తుందనే సూచన కనబడితే చాలు, ముందు అమ్ముకోవచ్చు. పూర్తి రుజువు ఆ తర్వాత అమ్ముతూ కూడగట్టుకోవాలి. ఈ మందు ఆ దారిలోనే బయటికొచ్చింది.

వాడే తీరు ఇలా ఉంటుంది. దెబ్బ తగిలి ఏషియా ఎ, బి, సి గ్రేడ్లలో ఉన్నవాళ్లకే ఇస్తారు. గాయమైన 31 రోజుల్లోగా తుంటి ఎముక నుంచి మజ్జ తీయాలన్నది నియమం. రోగి రక్తం కూడా తీసుకుంటారు, ఎందుకంటే కణాలను పెంచేది రోగి సొంత సీరంలోనే. దూడ సీరం వాడరు. మజ్జలోని మెసెన్‌కైమల్ కణాలను (ఇవి ఒక రకం స్టెమ్ సెల్స్) ఫ్యాక్టరీలో సుమారు రెండు వారాలు పెంచి, పరీక్షలు చేసి, గడ్డకట్టించి ఆసుపత్రికి పంపుతారు. అక్కడ కరిగించి, చేతి రక్తనాళంలోకి అరగంట నుంచి గంటసేపు డ్రిప్‌లా ఎక్కిస్తారు. మోతాదు 5 కోట్ల నుంచి 20 కోట్ల కణాలు. ఒకే ఒక్కసారి. వెన్నులో సూది లేదు, కోత లేదు, రోగనిరోధక శక్తిని అణచే మందుల్లేవు. రోగి కోణంలో చూస్తే దీని అసలు అందం ఇదే.

మొదట పెట్టిన ధర 1.5 కోట్ల యెన్‌లకు కాస్త తక్కువ. మన డబ్బులో సుమారు 80 నుంచి 90 లక్షల రూపాయలు. కానీ జపాన్ ప్రజా ఆరోగ్య బీమా పరిధిలోకి తెచ్చారు కాబట్టి, బీమా ఉన్నవారు కట్టాల్సింది సాధారణంగా 30 శాతం, దానికి మళ్లీ నెలవారీ గరిష్ఠ పరిమితి. టోక్యోలోనో ఒసాకాలోనో ఉద్యోగం చేసే తెలుగువాళ్లు కూడా ఆ బీమాలోనే ఉంటారు. అక్కడ ప్రమాదం జరిగితే మొదటి వారంలోనే డాక్టర్ని అడగాల్సిన మాట ఇది. విజయవాడలో ప్రమాదం జరిగితే మాత్రం ఈ మందును మర్చిపోవడమే మేలు. మెడ ఆపరేషనై, వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని 31 రోజుల్లోగా అక్కడికి చేర్చి మజ్జ తీయించడం కాగితం మీద రాసుకోవడానికే బాగుంటుంది.

ఇక రుజువు. 13 మందికి ఇచ్చారు, 12 మందిలో మెరుగుదల కనిపించిందన్నారు. ఎ గ్రేడ్‌లో ఉన్న 6 మందిలో 5 మంది పైమెట్టుకు చేరారు. సహజంగా ఐదుగురికి ఒకరు ఎక్కేచోట ఆరుగురికి ఐదుగురు ఎక్కడం కొట్టిపారేసే అంకె కాదు. అలాగని నమ్మేయగలిగే అంకె కూడా కాదు, ఎందుకంటే పోల్చుకునే గుంపు లేదు, మందు ఎవరికి పడిందో పరీక్షించే డాక్టరుకు తెలుసు, అందరికీ గట్టి ఫిజియోథెరపీ నడుస్తోంది. అనుమతి వచ్చిన వెంటనే 2019 జనవరిలో 'నేచర్' పత్రిక బయటి నిపుణుల అభ్యంతరాలను ప్రచురించింది. అందులో బలమైన వాదన ఒకటి: మెసెన్‌కైమల్ కణం వ్యాసం 15 నుంచి 30 మైక్రాన్లు, ఊపిరితిత్తుల సన్న రక్తనాళాల వెడల్పు దాదాపు 5 నుంచి 10. రక్తనాళంలోకి ఎక్కించిన కణాల్లో అత్యధిక భాగం మొదట ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. వెన్నుపాముకు చేరేవి ఎన్ని? చేరకుండానే రక్తంలోకి వదిలే రసాయనాలతో పనిచేస్తున్నాయా? కావచ్చు. అలాగైతే కణాలు నరకణాలుగా మారతాయన్న ప్రచారాన్ని మాత్రం పక్కన పెట్టాలి.

మా అంచనా: కోతలేదు, ప్రమాదం తక్కువ, సమయానికి దొరికి బీమా ఉంటే వద్దనడానికి కారణం లేదు. సొంత డబ్బు 90 లక్షలు పోసి కొనదగినంత రుజువు మాత్రం లేదు. ఏడాది దాటిన పాత గాయానికి ఇది అసలు వర్తించదు.

జన్యువు ఎందుకు మారుస్తారు

వెన్నుపాములో గాయమైన చోట మూడు అడ్డంకులు ఉంటాయి. నరతంతువు తెగిపోయింది, దాన్ని పొడవుగా పెరగమని చెప్పే రసాయనం పెద్దల వెన్నుపాములో దాదాపు లేదు. గాయం చుట్టూ మచ్చ కట్టి, అందులోని చక్కెర గొలుసుల ప్రొటీన్లు తంతువును ఆపేస్తాయి. మధ్యలో నీటి బుడగ లాంటి ఖాళీ మిగులుతుంది, తీగ పాకడానికి పందిరే లేదన్నమాట. మామూలు స్టెమ్ సెల్ పందిరి వేయగలదు, కొంత వాపు తగ్గించగలదు. పెరుగుదలకు చాలినంత ఎరువు వేయమంటే మాత్రం దాని చేత కాదు. అందుకే కణంలోకి జన్యువు జొప్పిస్తారు: పెరుగుదల ప్రొటీన్లయిన బీడీఎన్ఎఫ్, ఎన్‌టీ-3, జీడీఎన్ఎఫ్ విడుదల చేసేలానో, మచ్చలోని చక్కెర గొలుసులను కోసే కాండ్రాయిటినేజ్ అనే ఎంజైమును తయారుచేసేలానో.

జొప్పించే పద్ధతులు రెండు రకాలు, కొనేవాడికి ఈ తేడా ముఖ్యం. ప్లాస్మిడ్ అనే డీఎన్ఏ రింగు వేస్తే అది కణం క్రోమోజోమ్‌లో కలవదు, కణం విభజన చెందుతున్న కొద్దీ పలచబడి పోతుంది. లెంటివైరస్‌తో వేస్తే క్రోమోజోమ్‌లోనే అతుక్కుపోతుంది, కణం బతికున్నంత కాలం పనిచేస్తుంది. ప్లాస్మిడ్ అద్దె ఇల్లు, లెంటివైరస్ రిజిస్ట్రేషన్ చేయించుకున్న ఇల్లు. అతుక్కున్న చోటు చెడ్డదైతే క్యాన్సర్ భయం ఉంటుంది. అందుకే అలాంటి వైరస్‌తో మార్చిన కణాలు పడినవాళ్లను 15 ఏళ్లు గమనించాలని అమెరికా ఎఫ్‌డీఏ అడుగుతుంది.

ఎస్‌బీ623: దగ్గరి బంధువు

శాన్‌బయో కంపెనీ సరుకు ఇది. జపాన్‌లో అకూగో అనే పేరుతో 2024 జూలైలో షరతుల అనుమతి పొందింది. మెదడు దెబ్బ తర్వాత మిగిలిపోయిన కదలిక లోపానికి. వెన్నుపాముకు కాదు. అయినా ఇక్కడ ఎందుకు పరిశీలిస్తున్నామంటే, జన్యువు మార్చిన స్టెమ్ సెల్‌ను నాడీ కణజాలంలోకి సూదితో వేసి, పోల్చుకునే గుంపుతో సహా పరీక్షించిన అరుదైన సందర్భం కాబట్టి.

తయారీ ఇలా: ఆరోగ్యవంతుడైన దాత మజ్జలోని మెసెన్‌కైమల్ కణాల్లోకి నాచ్-1 అనే ప్రొటీన్ లోపలి ముక్క తాలూకు జన్యువును ప్లాస్మిడ్‌తో పంపుతారు. ప్లాస్మిడ్ దిగని కణాలను జీ418 అనే యాంటీబయోటిక్‌తో చంపేస్తారు. మిగిలినవాటిని పెంచి గడ్డకట్టిస్తారు. దాత ఒకరు, రోగులు చాలామంది. స్టెమిరాక్‌లా ఒక్కొక్కరికీ విడిగా పెంచే ఖర్చు ఉండదు. మోతాదు ముందే సిద్ధంగా ఉంటుంది, 31 రోజుల పరుగు లేదు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సన్నటి సూదితో గాయం చుట్టూ వేస్తారు. ఆ కణాలు శాశ్వతంగా నిలవవు, కొన్ని వారాల్లో కనుమరుగవుతాయి. ఉన్నన్నాళ్లూ వదిలిన పదార్థాలే పని చేస్తాయని కంపెనీ వాదన.

రెండో దశ ట్రయల్‌లో గాయమై ఏడాది దాటినవాళ్లనే తీసుకున్నారు, అంటే సహజంగా కోలుకునే కాలం అయిపోయింది. 25 లక్షలు, 50 లక్షలు, 1 కోటి కణాల చొప్పున మూడు మోతాదులు, మరో గుంపుకు ఉత్తుత్తి ఆపరేషన్. ఆరు నెలలకు ఫుగల్-మేయర్ కదలిక స్కోరు కణాలు పడ్డవాళ్లలో సగటున 8.3, పడనివాళ్లలో 2.3 పెరిగింది. నికరంగా 6 పాయింట్లు. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే 1 కోటి కన్నా 50 లక్షల మోతాదే మెరుగ్గా కనబడింది. కణాల సంఖ్య చూపించి ధర పెంచే క్లినిక్‌లకు ఈ ఒక్క వాక్యం వినిపిస్తే చాలు.

కానీ ఇదే సరుకును పక్షవాతం వచ్చినవాళ్ల మీద, 163 మందితో పరీక్షిస్తే 2019 జనవరిలో అనుకున్న ఫలితం రాలేదని ప్రకటించారు. అంతకుముందు 18 మందితో, పోల్చుకునే గుంపు లేకుండా చేసిన చిన్న పరీక్షలో మాత్రం అందరినీ ఆశపెట్టింది. స్టెమిరాక్ 13 మంది లెక్కను చూసేటప్పుడు ఈ కథ పక్కనే పెట్టుకోవాలి. ఇక 2024లో అనుమతి వచ్చినా ఒక మెలిక పెట్టారు. ట్రయల్‌లో వాడిన కణాలూ ఫ్యాక్టరీలో అమ్మకానికి తయారయ్యే కణాలూ ఒకటేనని కంపెనీ నిరూపించేదాకా సరుకు బయటికి పంపకూడదన్నారు. జీవకణాల మందులో ఇదే అసలు తలనొప్పి. గోంగూర పచ్చడి జాడీ జాడీకీ రుచి మారినట్టు, బ్యాచ్ బ్యాచ్‌కీ కణం తీరు మారుతుంది.

నాచ్ వేయాలా, తీయాలా?

తమాషా ఏమిటంటే ఎస్‌బీ623 నాచ్ జన్యువును లోపలికి జొప్పిస్తే, టోక్యోలోని కేయో విశ్వవిద్యాలయంవాళ్లు నాచ్ సంకేతాన్ని మందుతో ఆపేసి మరీ కణాలు వేస్తున్నారు. ఇద్దరూ సరైన పనే చేస్తున్నారు. హిదెయుకి ఒకనో, మసాయ నకమురా బృందం వాడేది ఐపీఎస్ కణాల (ఎదిగిన మామూలు కణాన్ని వెనక్కి తిప్పి చేసిన స్టెమ్ సెల్స్) నుంచి తీసిన నాడీ పూర్వకణాలు, అంటే నరకణాలుగా ఎదగబోయే పిల్లకణాలు. నాచ్ నడుస్తున్నంత సేపూ అవి పిల్లకణాలుగానే ఉండి విభజన చెందుతూ పోతాయి, గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే గామా సెక్రటేజ్ నిరోధకం అనే మందులో కాసేపు ఉంచి, నాచ్ ఆపి, ముదిరే దారి పట్టించి, అప్పుడు వెన్నుపాములోకి వేస్తారు. మెసెన్‌కైమల్ కణంలో నాచ్ పని వేరు, నాడీ పూర్వకణంలో వేరు. "నాచ్ మార్చిన కణాలు" అని మాత్రమే రాసిన బ్రోచర్ ఏమీ చెప్పనట్టే.

కేయో పరీక్షలో గాయమైన 14 నుంచి 28 రోజుల్లోపు, ఎ గ్రేడ్ రోగులు నలుగురికి 20 లక్షల కణాల చొప్పున వేశారు. మొదటి ఆపరేషన్ 2021 డిసెంబర్‌లో. కణాలు దాతవి కాబట్టి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు తప్పలేదు. 2025 మార్చిలో ఫలితం చెప్పారు: ఒకరు ఎ నుంచి డి కి, ఒకరు ఎ నుంచి సి కి చేరారు, ఇద్దరు ఎ లోనే ఉండిపోయారు. తీవ్రమైన దుష్ప్రభావాలు కనబడలేదు. ఎ నుంచి డి కి చేరడం సహజంగా చాలా అరుదు. అయినా నలుగురంటే నలుగురే.

ఒక చిన్న సవరణ కూడా. ఐపీఎస్ కణం అంటేనే జన్యువులు వేసి వెనక్కి తిప్పిన కణం కదా అంటారు. నిజమే, కానీ ఇప్పుడు వైద్యానికి వాడే చాలా రకాల్లో ఆ జన్యువులను క్రోమోజోమ్‌లో కలవని ప్లాస్మిడ్లతో వేస్తారు, పని అయ్యాక అవి మిగలవు. అందుకే దీన్ని "జన్యువు మార్చిన చికిత్స" అని అమ్మితే అది పదాల గారడీ.

మనిషి వెన్నుపాములో నిజంగా వేసిన జన్యు కణాలు

ఆ పని లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సినాయ్ ఆసుపత్రిలో జరిగింది. గాయానికి కాదు, ఏఎల్ఎస్ అనే నరాల క్షీణత వ్యాధికి. లెంటివైరస్‌తో జీడీఎన్ఎఫ్ జన్యువు వేసిన నాడీ పూర్వకణాలను 18 మంది రోగుల నడుము భాగపు వెన్నుపాములోకి, ఒక పక్కే వేశారు. రెండో కాలు పోల్చుకోవడానికి. మందు పడ్డ కాలూ పడని కాలూ ఒకే మనిషివి కావడంతో పరీక్ష శుభ్రంగా ఉంది. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆపరేషన్ సురక్షితంగానే సాగింది, మందు పడ్డ కాలు రెండో కాలికన్నా త్వరగా బలం కోల్పోలేదు. వ్యాధి ముదిరి చనిపోయిన 13 మంది కణజాలం పరిశీలిస్తే కణాలు బతికే ఉన్నాయి, జీడీఎన్ఎఫ్ తయారవుతూనే ఉంది, మూడేళ్లు దాటినా. అంటే జన్యువు పెట్టి కణాన్ని మనిషి వెన్నుపాములో ఏళ్ల తరబడి పనిచేయించవచ్చని తేలింది. కాలికి స్పష్టమైన బలం వచ్చిందని మాత్రం తేలలేదు. పైగా సూది వేసిన చోట్ల నరపు చిక్కుముడుల్లాంటి చిన్న గడ్డలు చాలామందిలో కనబడ్డాయి. క్యాన్సర్ కాదు, కానీ పెరుగుదల రసాయనాన్ని ఆపు లేకుండా పోస్తే నరం ఎలా స్పందిస్తుందో చెప్పే గుర్తు.

ఎక్కడ, ఎందుకు తేడా కొడుతుంది

మొదటిది బెల్లం, చీమల సమస్య. గ్రాఫ్ట్‌లో, అంటే నాటిన కణాల గుంపులో, జీడీఎన్ఎఫ్ గాఢత ఎక్కువైతే తంతువులు ఆశగా లోపలికి వస్తాయి, కానీ అవతలికి దాటవు. అక్కడే చుట్టలు చుట్టుకుపోతాయి. ఎలుకల్లో ఇది పదే పదే కనబడింది. దాటాలంటే గాయం అవతల ఇంకా తియ్యగా ఉండాలి, లేదా మధ్యలో జన్యువును ఆపగలగాలి. డాక్సీసైక్లిన్ మాత్రతో ఆన్, ఆఫ్ చేసే మీటలు అందుకే తయారుచేస్తున్నారు.

రెండోది నొప్పి. 2005లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా బృందం ఎలుకల ఛాతీ భాగపు వెన్నుపాము గాయంలో మామూలు నాడీ స్టెమ్ సెల్స్ వేస్తే కదలిక కొంత మెరుగైంది, కానీ బాగున్న ముందు కాళ్లలో ముట్టుకుంటేనే మంట మొదలైంది. నొప్పి నరాలు కొత్త కొమ్మలు వేసి దారి తప్పాయి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు. కణాల్లో చాలా భాగం నరకణాలకు బదులు, వాటికి అండగా ఉండే ఆస్ట్రోసైట్లుగా మారడమే కారణమని గ్రహించి, న్యూరోజెనిన్-2 జన్యువు వేసి మళ్లీ చేస్తే ఆ మంట రాలేదు, కదలిక ఇంకా బాగుపడింది. జన్యు మార్పు వల్ల నిజంగా లాభం జరిగిందని మేము ధైర్యంగా చూపించగల ఉదాహరణ ఇదే. ఎలుకల్లో.

మూడోది గడ్డలు. పోర్చుగల్‌లో ముక్కులోని కణజాలాన్ని వెన్నుపాము గాయంలో పెట్టించుకున్న ఒక యువతికి 8 ఏళ్ల తర్వాత వెన్నులో గడ్డ కట్టింది. తీసి చూస్తే ముక్కు పొరలాంటిదే పెరిగి, చీమిడి లాంటి ద్రవం తయారుచేస్తోందని 2014లో అమెరికా డాక్టర్లు ప్రచురించారు. ఆ కణాల్లో జన్యు మార్పు లేదు. ఎక్కడి కణాన్ని ఎక్కడ పెట్టినా అది తన ఊరి పనే చేస్తుందన్నమాట. దీనికి విరుగుడుగా ఆత్మహత్యా జన్యువు పెడుతున్నారు. హెర్పిస్ వైరస్ టీకే జన్యువు పెడితే గాన్‌సిక్లోవిర్ మందుతో, కాస్పేజ్-9 పెడితే దాని ప్రత్యేక మందుతో కణాలను చంపవచ్చు. మొదటిది విభజన చెందుతున్న కణాలనే చంపుతుంది, అంటే గడ్డ కట్టేవి పోయి ముదిరిన నరాలు మిగులుతాయి. వెన్నుపాముకు అదే నయం.

నాలుగోది నిరాకరణ. దాత కణాలను శరీరం గుర్తుపట్టకుండా హెచ్ఎల్ఏ గుర్తులను క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో చెరిపేస్తున్నారు. గుర్తు లేని కణాన్ని చూస్తే ఎన్‌కే అనే రక్షణ కణాలు దాడి చేస్తాయి, అందుకని సీడీ47 అనే "నన్ను తినకు" గుర్తు అదనంగా పెడతారు. అలా చేస్తే రేపు అదే కణం క్యాన్సర్‌గా మారినా శరీరానికి కనబడదు. ఆత్మహత్యా జన్యువు లేకుండా ఇలాంటి కణం ఎవరిచ్చినా తీసుకోవద్దనే మా సలహా.

మన దగ్గర అమ్మే ప్యాకేజీలు

తెలుగు రాష్ట్రాల్లో వెన్నుపాము రోగి ఎవరంటే బైకు మీద పోతూ పడినవాడు, పరంజా మీంచి జారినవాడు, తాటిచెట్టు మీంచి పడిన గీత కార్మికుడు. ఇల్లమ్మితే తప్ప లక్షలు కట్టలేనివాళ్లు. అందుకే సూటిగా చెబుతాం.

మన దేశంలో 2017 నాటి జాతీయ స్టెమ్ సెల్ మార్గదర్శకాల ప్రకారం ప్రామాణిక చికిత్సగా ఒప్పుకున్నది రక్త సంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి. వెన్నుపాము గాయానికి స్టెమ్ సెల్స్ వేయడమంటే క్లినికల్ ట్రయల్‌లో భాగంగానే. ట్రయల్‌లో రోగి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. 2019 కొత్త మందుల, ట్రయల్స్ నియమాల కింద కణాల మందు కొత్త మందే. జన్యువు మార్చినదైతే ఐసీఎంఆర్ 2019 జన్యు చికిత్స మార్గదర్శకాలు కూడా వర్తిస్తాయి. కాబట్టి ఫీజు అడిగారంటే ట్రయల్ కాదు. ట్రయల్ అన్నారంటే సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే చిట్టా) నంబరు ఉండాలి, దాన్ని ఆ వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి. రోగుల సంఖ్య, ఏ గ్రేడ్, ఏ మోతాదు, ఎథిక్స్ కమిటీ అన్నీ అక్కడ ఉంటాయి.

ఎక్కువ చోట్ల అమ్మేది ఇది: ఉదయం తుంటిలోంచి మజ్జ తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మధ్యాహ్నం నడుములో సూదితో వెన్ను ద్రవంలోకి వేసేయడం. "10 కోట్ల కణాలు" అంటారు. మజ్జలోని కేంద్రకం ఉన్న కణాల్లో మెసెన్‌కైమల్ స్టెమ్ సెల్స్ 0.001 నుంచి 0.01 శాతం. అంటే ఆ 10 కోట్లలో నిజమైనవి 1,000 నుంచి 10,000. మిగతావి చాలామటుకు రక్తకణాలు, వాటి పిల్లకణాలే. ఇదే పనికి "జీన్ మాడిఫైడ్" అని పేరు పెడితే అది పచ్చి అబద్ధం. జన్యువు వేసి, దిగిన కణాలను ఏరి, పెంచి, పరీక్షించడానికి వారాలు పడుతుంది. సూక్ష్మజీవులు లేవని తేల్చే సాధారణ కల్చర్ పరీక్షకే 14 రోజులు కావాలి. ఒక్కరోజులో అయ్యే జన్యు మార్పు లేదు.

నిజంగా పెంచిన కణాలని చెబితే ఆ బ్యాచ్ తాలూకు విశ్లేషణ పత్రం అడగండి, కన్సెంట్ ఫారం మీద సంతకానికి ముందు. కరిగించాక బతికున్న కణాలు కనీసం 70 శాతం ఉన్నాయా? మెసెన్‌కైమల్ అయితే సీడీ73, సీడీ90, సీడీ105 గుర్తులు 95 శాతానికి పైన, సీడీ45 లాంటి రక్తకణ గుర్తులు 2 శాతం లోపు ఉన్నాయా? మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి లేదని ఉందా? ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) పరిమితి రక్తనాళంలోకైతే కిలో బరువుకు గంటకు 5 యూనిట్లు, వెన్ను ద్రవంలోకైతే 0.2 మాత్రమే. చేతి రక్తనాళానికి పాసైన సీసాను నడుములో వేస్తే జ్వరం, మెనింజైటిస్ లాంటి లక్షణాలు వచ్చేది ఇందుకే. జన్యువు మార్చినదైతే ఇంకో మూడు: ఏ వెక్టర్ (జన్యువును మోసుకెళ్లే వాహకం), ఒక్కో కణంలో ఎన్ని కాపీలు (5 లోపు ఉండాలన్నది వాడుకలో ఉన్న హద్దు), తనంతట తాను పెరగగల వైరస్ లేదన్న పరీక్ష. ఈ కాగితం చూపించని చోటు నుంచి లేచి వచ్చేయవచ్చు.

నడుము సూది దారి మొత్తం వృథా అని మేము అనడం లేదు. మేయో క్లినిక్‌లో పొట్ట కొవ్వులోంచి తీసి పెంచిన 10 కోట్ల కణాలను ఇలాగే వెన్ను ద్రవంలోకి వేస్తే 10 మందిలో 7 గురు ఏషియా స్కేల్‌పై మెరుగయ్యారని 2024లో ప్రచురించారు. తలనొప్పి, ఒళ్లునొప్పులే ప్రధాన ఇబ్బందులు. అది మొదటి దశ, పోల్చుకునే గుంపు లేదు, రోగులు డబ్బు కట్టి కొన్న ప్యాకేజీ కూడా కాదు.

అదే డబ్బుకు వచ్చేవి

ట్రయల్ దొరికేలోపు ప్రాణం తీసేవి పడకపుండూ, మూత్రపిండాల ఇన్‌ఫెక్షనూ. మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుర్చీలో ఉంటే పావుగంట, అరగంటకోసారి పిరుదులు పైకి లేపాలి. గాలి గదుల కుషన్ ఉండాలి, స్పాంజి ముక్క చాలదు. మూత్రానికి ఎప్పుడూ ఉండే గొట్టం బదులు 4 నుంచి 6 గంటలకోసారి శుభ్రమైన కాథెటర్ పెట్టి తీసేయడం నేర్చుకోవాలి. ఛాతీలో ఆరో పూస దగ్గరో, అంతకు పైనో గాయమైనవాళ్లకు మూత్రం నిండినా, మలం గట్టిపడినా బీపీ ఒక్కసారిగా ఎగిరి తల పగిలిపోయేంత నొప్పి వస్తుంది. అప్పుడు చేయాల్సింది మాత్ర వెతకడం కాదు, కూర్చోబెట్టి, గొట్టం మడత పడిందేమో చూసి, మూత్రం తీసేయడం. ఇవన్నీ నేర్పే పునరావాస కేంద్రాల్లో వెల్లూరు సీఎంసీ వారి బాగాయం కేంద్రం చిత్తూరు, తిరుపతి వాళ్లకు చేరువ.

ఇంకో విషయం, డబ్బు కన్నా ముఖ్యమైనది. నిఖార్సైన ట్రయల్స్‌లో చాలావాటికి ఒక నిబంధన ఉంటుంది: ఇంతకుముందు ఎక్కడైనా కణాల చికిత్స తీసుకున్నవాళ్లు అనర్హులు. కొత్త కణాల ఫలితమో పాతవాటి ఫలితమో తేల్చలేరు కాబట్టి. డిశ్చార్జ్ సమ్మరీలో "స్టెమ్ సెల్ ఇంజెక్షన్" అని ఒక్క ముక్క ఉంటే, రేపు నిజంగా పనిచేసే జన్యు కణం ట్రయల్‌కు వచ్చినప్పుడు ఆ ఫైలు మొదటి వడపోతలోనే పక్కకు పోతుంది.